మూడో పాయింటు నీళ్ళు

సీసాలాయన ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన భార్య మొదట "గవర్నమెంటులో" అని చెప్పి ఊరుకునేది. ఇంకొంచెం తవ్వినవాళ్ళకు "నీళ్ళ పరీక్షల ఆఫీసులో" అనేది. మరీ పీకల మీద కూర్చుంటే తప్ప "నెలకోసారి నదికి వెళ్ళి సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తారు" అన్న మాట ఆవిడ నోటినుంచి ఊడిపడేది కాదు. విన్నవాళ్ళు "అంతేనా?" అనేవాళ్ళు. ఆ 'అంతేనా' భార్యకు గుచ్చుకున్నట్టు ఆయనకు గుచ్చుకునేది కాదు. సీసాలో నీళ్ళు పట్టడం ఎంత పనో ఆయనకు తెలుసు, వాళ్ళకు తెలియదు, అంతే.

సీసాను ముందు ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడగాలి. నది ఎటునుంచి వస్తోందో అటు మూతి తిప్పి మోచేతి లోతుకు ముంచాలి. పైన తేలే నురగ రాకూడదు, అడుగున బురద లేవకూడదు. నిండాక నీళ్ళలోనే మూత బిగించాలి. లోపల కందిగింజంత గాలిబుడగ మిగిలినా ఆ సీసా పారబొయ్యాల్సిందే. లేబుల్ మీద తేదీ, టైము, పాయింటు నంబరు, కింద సంతకం. తర్వాత ఐసుపెట్టె. ల్యాబు తేల్చిన అంకెలను రిజిస్టరులో ఎక్కించి సంతకం పెట్టడమూ ఆయన పనే. ఇవన్నీ ఒక ఎత్తు, గాజుబుడ్డి పరీక్ష ఒక ఎత్తు. చిన్న గాజుబుడ్డిలో నీళ్ళు నింపి, రెండు మందుసీసాల్లోంచి కాసిని చుక్కలు వేసి ఊపాలి. నీళ్ళలో ఊపిరి ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే విరిగిన పాలలా తెల్లగా ఉండిపోతుంది. చేపలు బతికేదీ చచ్చేదీ ఆ రంగులో తేలిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన ఆ బుడ్డిని చుట్టాలందరికీ చూపించేవాడు. అందరూ మర్యాదకు "బాగుంది" అని టీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. నిజంగా చూసింది అక్క ఒక్కతే. ఆమెకు నది ఒడ్డున, బట్టలకు రంగులద్దే మిల్లు దాటాక, అరెకరం ఆకుకూరల మడులున్నాయి. "ఏదీ, మా నీళ్ళు చూడు" అని తనే చెంబుతో ముంచి తెచ్చింది. చుక్కలు వేశాక బుడ్డిలో గోధుమరంగు తిరగడం చూసి చెంపకు చెయ్యి ఆనించుకుంది.

"నీది డాక్టరు ఉద్యోగంరా," అంది. "చెయ్యి పట్టుకోకుండానే నాడి చూసేస్తున్నావు."

ఆ మాట ఆయన చాలా ఏళ్ళు లోపల దాచుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునేవాడు. తర్వాత్తర్వాత చూసుకోవడం మానేశాడు. ఎందుకు మానేశాడో చెప్పాలంటే మీగడరంగు ప్యాంటు సంగతి చెప్పాలి.

ఆయనకు పాయింట్లు మూడు. మొదటిది ఊరికి పైన పంపుహౌసు దగ్గర. రెండోది మార్కెట్ వంతెన కింద. మూడోది బట్టల రేవు. రంగుల మిల్లు కాలువ నదిలో కలిసే చోటికి నాలుగు బారల దిగువన ఉన్న మెట్ల వరుస అది. మొదటి రెండూ నది ఊళ్ళోకి ఎలా వచ్చిందో చెబుతాయి. మూడోది, ఊరు దాన్ని ఏం చేసి పంపిందో చెబుతుంది. అందుకే ల్యాబులో మేడమ్ ఎప్పుడూ మూడో పాయింటు సీసానే ముందు తెరిచేది.

మిల్లు మొదట్లో ప్రభుత్వానిది. రోజుకు ఒక షిఫ్టు నడిచేది, నెలకు పది రోజులు మరమ్మతులో ఉండేది. దాని బద్ధకమే నదికి రక్ష. తర్వాత ప్రభుత్వం మారింది. వచ్చినవాళ్ళు నష్టాల్లో ఉన్నవన్నీ అమ్మేస్తామని ఎన్నికల్లో చెప్పారు. చెప్పినవాటిలో చేసింది అదొక్కటే. మిల్లును ఒక కంపెనీ కొన్నది. మూడు షిఫ్టులు నడిపింది. పాతవాళ్ళలో సగం మందిని ఇంటికి పంపింది. వాళ్ళలో బాయిలరు దగ్గర పనిచేసే బావ కూడా ఉన్నాడు. అప్పటినుంచి అక్క ఇంటికి ఆ మడులే దిక్కయ్యాయి. కాలువలో రంగు చిక్కబడింది.

మేడమ్ చూసీ చూడనట్టు పోయే రకం కాదు. సీసాలాయన తెచ్చిన మూడో పాయింటు నీళ్ళను నాలుగు నెలలు వరసగా పరీక్ష చేసి కంపెనీకి నోటీసు ఇచ్చింది. శుద్ధి ప్లాంటు కట్టి నడపాలి, లేదా మిల్లు మూసెయ్యాలి. మూడు నెలలు వరసగా మూడో పాయింటు నీళ్ళు బాగున్నాయని తేలితేనే నోటీసు వెనక్కి తీసుకుంటారు. ఆ వారమంతా సీసాలాయన వీధిలో ఛాతీ రెండంగుళాలు ముందుకు పెట్టి నడిచాడు. అక్క మార్కెట్లో కూర అమ్ముతూ, "మిల్లు మెడలు వంచింది మా తమ్ముడి సీసానండీ. ఇంకో కట్ట తీసుకోండి" అని ప్రచారం చేసింది.

ఇక ప్యాంటు సంగతి. మామూలుగా నదికి వెళ్ళే రోజు ఆయన పాత ఖాకీ ప్యాంటు వేసుకునేవాడు. నోటీసు ఇచ్చిన కొన్ని నెలలకు, అలా నదికి వెళ్ళాల్సిన ఒక రోజు, మధ్యాహ్నం ఆఫీసులో అందరికీ కలిపి గ్రూపు ఫోటో తీస్తారని తెలిసి, భార్య పోరి కుట్టించిన మీగడరంగు ప్యాంటు వేసుకుని బయల్దేరాడు. తన నలభై ఏడేళ్ళ జీవితంలో అంత తెల్లటి ప్యాంటు ఆయన ఎప్పుడూ తొడగలేదు. కింద అంచులు రెండు మడతలు మడిచి, ఒక చేత్తో సీసాల బుట్ట, ఇంకో చేత్తో ప్యాంటు పట్టుకుని రేవు మెట్లు దిగాడు. మూడో మెట్టు మీద పాచి ఉంది. పాచి మీద కాలు పడింది. బుట్ట ఒకవైపు, ఆయన ఒకవైపు వెళ్ళారు. ఆయన వెళ్ళి సరిగ్గా మిల్లు కాలువ రంగు వచ్చి తగిలే చోట, మోకాళ్ళు పైకి లేపి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

ఆ రోజు మిల్లులో నీలం రంగు వేస్తున్నారు.

రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు ఏడెనిమిది మంది. ముందు "అయ్యో" అన్నారు. సారు లేచి వెనక్కి తిరిగాక మాత్రం ఆపుకోవడం వాళ్ళ వల్ల కాలేదు.

"కూర్చుంటే తప్ప తెలియదా సార్ నీళ్ళెలా ఉన్నాయో?" అంది ఒకామె.

"మనం రోజంతా రుద్దినా రంగు పోదు. సారుకి చిటికెలో పట్టేసింది."

"ముందువైపు కూడా ముంచండి సార్. సగం సగం బాగోదు."

తేలిపోతున్న రెండు సీసాలను వాళ్ళే పట్టి ఇచ్చారు. ఆ సంగతి ఆయన తర్వాత ఎప్పుడూ గుర్తు చేసుకోలేదు. నవ్వు మాత్రమే గుర్తు పెట్టుకున్నాడు. గట్టు మీద ఉంచిన ఐసుపెట్టెను వెనక అడ్డం పెట్టుకుని బజారంతా పక్కపక్కకు నడిచాడు. ఆ రోజు గ్రూపు ఫోటోలో ఆఖరి వరసలో గోడకు అతుక్కుపోయి నిలబడ్డది ఆయనే.

మరుసటి నెల ఖాకీ ప్యాంటులోనే వెళ్ళాడు. ఇంకా మెట్ల దగ్గరికి రాకముందే కిందనుంచి ఒక గొంతు వినిపించింది. "నీలం సారొస్తున్నారు. చోటివ్వండి, కూర్చుంటారు." ఆయన అక్కడే ఆగిపోయాడు. వాచీ చూసుకున్నాడు. ఏదో మర్చిపోయినట్టు జేబులు తడుముకున్నాడు. వెనక్కి తిరిగాడు. కాలువ కలిసే చోటికి రెండు వందల అడుగుల ఎగువన ఒక కాలి వంతెన ఉంది. దాని మీదనుంచి తాడు కట్టి బొక్కెన వదిలి నీళ్ళు తోడాడు. సీసాలు కడిగాడు, నింపాడు, బుడగ లేకుండా బిగించాడు. చేసిన పనిలో ఎక్కడా వంక లేదు, చోటు తప్ప. లేబుల్ మీద 'మూడో పాయింటు' అని రాసి సంతకం పెట్టాడు. నది ఒకటేగా అనుకున్నాడు. ఈ ఒక్క నెలకే అని కూడా అనుకున్నాడు.

ఆ నెల మేడమ్ పరీక్షలు రెండుసార్లు చేసింది. తర్వాత ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"మీరు మూడో పాయింటుకే వెళ్ళారు కదండీ?"

"వెళ్ళానండి."

వెళ్ళిన మాట నిజమే. వెళ్ళి వెనక్కి వచ్చారా అని ఆవిడ అడగలేదు. ఆ వంకను పట్టుకునే ఆయన చాలా ఏళ్ళు వేలాడాడు.

"అయితే వాళ్ళు ప్లాంటు నడుపుతున్నట్టున్నారు," అంది మేడమ్. ఆవిడ ముఖంలో సంతోషం చూసి ఆయన ఖాళీ సీసాలు తుడవడం మొదలుపెట్టాడు. ప్లాంటు కట్టిన మాట నిజం. గుండ్రటి తొట్లు, వాటికి ఆకుపచ్చ రంగు, ముందు బోర్డు. దాని మోటారు ఎవరైనా వేస్తున్నారా లేదా అన్నది కాలువ నీళ్ళే చెప్పాలి. ఆ నీళ్ళేమో ల్యాబుకు చేరడం లేదు.

రెండో నెల ఆయన రేవుకే వెళ్దామనుకున్నాడు. కాని ఇప్పుడు అక్కడి నీళ్ళు తెస్తే మురికి అంకె ఒక్కసారిగా ఎగిరి కూర్చుంటుంది. పోయిన నెల ఏమైందని అడుగుతారు. జారి పడ్డానని చెప్పాలి. మూడో నెలకు ఆ భయం ఇంకో జానెడు పెరిగింది. మూడు నెలలు నిండాయి. నోటీసు వెనక్కి వెళ్ళింది. ఆ కాగితం టైపు అవుతున్నంతసేపూ ఆయన ఆ గదిలోనే ఉండి పెన్సిళ్ళు చెక్కాడు. ఉన్న పెన్సిళ్ళన్నీ చెక్కేశాడు.

అలా పదకొండేళ్ళు.

మొదటి ఏడాదే అక్క వచ్చింది, చేతిలో తోటకూర కట్టతో. ఆకుల అంచులు ఇస్త్రీపెట్టె తగిలినట్టు మాడి ఉన్నాయి.

"ఇది చూడరా సీసాలోడా. నీళ్ళలో ఏమన్నా ఉందంటావా?"

ఆయన ఆకు తిప్పి తిప్పి చూశాడు. "రిపోర్టులో అంతా బాగానే ఉందక్కా," అన్నాడు. రిపోర్టులో బాగానే ఉంది మరి.

"నువ్వు చూశాక ఇంకేముంది. అయితే విత్తనం దెబ్బ ఇది."

అక్కడినుంచి తిన్నగా విత్తనాల కొట్టుకు వెళ్ళి, కొట్టాయనను నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. ఆయన మెత్తటి మనిషి. కొత్త పొట్లాలు ఉత్తినే ఇచ్చాడు. అవీ మాడాయి. మళ్ళీ కడిగింది. ఎరువు మార్చింది. మడులు తిరగదవ్వించింది. పిక్కల మీద దురదలు వస్తే సబ్బు మార్చింది. బావ ఒకసారి "నీళ్ళేమోనే" అని గొణిగితే, "మా తమ్ముడు సంతకం పెట్టిన నీళ్ళకు వంక పెడతావా" అని ఆయన మీద విరుచుకుపడింది. బావ పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఆమె మాత్రం ప్రతి ఏడాదీ తమ్ముణ్ణి అడిగేది, నమ్మకం లేక కాదు, అలవాటుగా. ఆయన "బాగానే ఉందక్కా" అనేవాడు. అన్న ప్రతిసారీ ఆమె వెళ్ళి విత్తనాలాయన్ని తిట్టేది.

ఈలోగా లోకం ఆగలేదు. మేడమ్‌ను ఎక్కడికో బదిలీ చేశారు. తొమ్మిది మంది ఉన్న ల్యాబులో ఐదుగురు మిగిలారు, తర్వాత ఇద్దరు. ఇంకో ప్రభుత్వం నదిని కాపాడతామంటూ వచ్చి మార్కెట్ వంతెన గోడల మీద చేపల బొమ్మలు వేయించింది. ఊళ్ళో కొన్నాళ్ళు చేపలు కనిపించింది అక్కడే. దాని తర్వాత వచ్చినవాళ్ళు ఫ్యాక్టరీలు తమ నీళ్ళ సంగతి తామే రాసిస్తే చాలన్నారు. సీసాలాయన రిటైరైన రోజు, ఇన్నేళ్ళలో ఒక్క నెల కూడా మానకుండా నీళ్ళు తెచ్చినందుకు ఒక గోడగడియారం, ఫ్రేము కట్టిన మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. పత్రాన్ని భార్య ముందుగదిలో, వచ్చినవాళ్ళ కంటికి తగిలేట్టు పెట్టింది. రెండేళ్ళకు ల్యాబు మూసేశారు. ఇప్పుడు ఆ గదుల్లో డ్రైవింగ్ లైసెన్సులు ఇస్తున్నారు.

రిటైరైన మూడో ఏడు, ఒక పొద్దున అక్క ఆ ఫ్రేము కింద వచ్చి కూర్చుంది. చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"కంపెనీ మిల్లు పెంచుతుందిట. రెండో కాలువ నా మడుల మీదుగా తవ్వుతారుట. గురువారం మునిసిపాలిటీ హాల్లో మీటింగు, జనం ఏమంటారో అడుగుతారుట. నువ్వొచ్చి మాట్లాడాలి."

"నేనేం మాట్లాడతానక్కా?"

"ఏం మాట్లాడతావా? ఇరవై తొమ్మిదేళ్ళు ఆ నీళ్ళు ముంచావు. మొన్న మా మనవరాలు కాళ్ళు కడుక్కుంటే దద్దుర్లు వచ్చాయి. నాకెందుకో ఇప్పుడిప్పుడే అనుమానం కొడుతోంది, నువ్వు దిగిపోయాకే వీళ్ళు మళ్ళీ వదలడం మొదలుపెట్టారని. నువ్వున్నన్నాళ్ళూ భయపడ్డారు. అదే చెప్పు."

ఆయనకు అక్క ముఖం చూడటం కష్టమై గడియారం చూశాడు. పక్కన ఫ్రేములో పత్రం ఉంది. కిందికి చూశాడు. అక్క పిక్కలు నల్లగా, పొలుసులు లేచి ఉన్నాయి. చూడటానికి ఇంక చోటు లేక కళ్ళు మూసుకున్నాడు.

"నిద్రొస్తోందా?" అంది అక్క. "గురువారం పదింటికి. మరదలా, వీణ్ణి ఇస్త్రీ చొక్కా వేసి పంపించు."

ఆమె వెళ్ళాక భార్య వంటగది గుమ్మంలో నిలబడింది.

"వదినకు చెప్పేయండి," అంది.

"ఏం చెప్పాలి?"

"పదకొండేళ్ళు మీ ఖాకీ ప్యాంటు ఉతికింది నేనండీ. అంతకుముందు నదికెళ్ళిన రోజు అంచులకు బురద, పాచి. బండకేసి బాదితే గాని వదిలేది కాదు. ఆ నీలం ప్యాంటు తర్వాత ఒక్కసారీ అంచు తడవలేదు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదు?"

ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూనే ఉంది, చెయ్యి ఎప్పుడో ఆరిపోయినా. "ఉతకడం తేలికైంది కదా అనుకున్నాను," అంది.

గురువారం హాలు నిండిపోయింది. కంపెనీ కొత్తగా ఆరువందల ఉద్యోగాలిస్తానంది, ఆ ఆశతో వచ్చినవాళ్ళే ఎక్కువ. వాళ్ళను తప్పుపట్టడానికీ లేదు, ఊళ్ళో ఇంకో పని లేదు. ప్రతి కుర్చీ మీద ఒక టోపీ, ఒక మంచినీళ్ళ సీసా పెట్టారు. సీసాలాయన ఆ సీసాను అలవాటుగా వెలుతురుకు ఎత్తి చూసి, సిగ్గుపడి కింద పెట్టాడు. వేదిక మీద పెద్ద ఆఫీసరు, పక్కన కంపెనీ మేనేజరు. మేనేజరు చాలా మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు.

"మా మాట నమ్మొద్దండి," అన్నాడు. "ప్రభుత్వం రికార్డే చూడండి. పదకొండేళ్ళు, నెల తప్పకుండా. మా కాలువ కింద, మూడో పాయింటు."

తెర మీద రిజిస్టరు పేజీ వెలిగింది. సీసాలాయన చేతిరాత గోడంత పెద్దదై నిలబడింది. వాలుగా రాసే అంకెలు, తోక పొడుగ్గా లాగే సంతకం. ఒక్కో అక్షరం ఆయన తలకాయంత ఉంది.

"నీ రాతేరా," అంది అక్క, ఇంకా గర్వంగానే.

ఆమె వంతు వచ్చినప్పుడు మైకు మరీ దగ్గరగా పెట్టుకుని మాట్లాడింది. ఆకులు మాడుతున్నాయంది, కాళ్ళు చూపించింది. మేనేజరు ఓపిగ్గా విని, "అమ్మా, విత్తనం దోషం కూడా కావచ్చు కదా," అన్నాడు. పదేళ్ళుగా తను అన్న మాటే తన మీదికి తిరిగి వచ్చేసరికి ఆమె ఒక్క క్షణం తడబడింది. తర్వాత వేలు చాపింది.

"మా తమ్ముడు ఇక్కడే ఉన్నాడు. ఆ సీసాలన్నీ పట్టింది వాడే. వాణ్ణి అడగండి."

"ఇంతకన్నా పెద్ద సాక్షి ఎవరుంటారు," అన్నాడు మేనేజరు. మైకు సీసాలాయన చేతికి వచ్చింది.

తల ఊపి కూర్చుంటే సరిపోయేది. ఆయన తెర మీద ఉన్న తన సంతకం వైపు చూస్తూ, "ఆ నీళ్ళు మూడో పాయింటువి కావండి," అన్నాడు.

"మరెక్కడివి?" అన్నాడు ఆఫీసరు.

"కాలి వంతెన మీదనుంచి తోడినవి. కాలువకు పైనవి."

"ఎందుకలా?"

"రేవులో జారి పడ్డానండి."

"ఎప్పుడు?"

"పద్నాలుగేళ్ళ కిందట."

"పద్నాలుగేళ్ళ కిందట పడితే, పదకొండేళ్ళు అక్కడికి వెళ్ళలేదా? కాలు విరిగిందా?"

"లేదండి. ప్యాంటు నీలం అయింది. ఆడవాళ్ళు నవ్వారు."

అప్పుడు హాలు నవ్వింది. ఎనిమిది మంది ఆడవాళ్ళకు భయపడి ఆయన దాచుకున్నది మూడువందల మంది ముందు బయటపడింది. ముందువరసలో ఒకాయన టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆఫీసరు కాగితాల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. మేనేజరు మాత్రం పెదవి కదపలేదు. అక్క కూడా నవ్వలేదు. ఆమె తమ్ముడి వైపు కాదు, తెర మీది అంకెల వైపు చూస్తోంది. ఒక్కో అంకె దగ్గరా ఆగి చూస్తోంది. ఆ ఏడు తోటకూర, ఆ ఏడు పాలకూర, ఆ ఏడు విత్తనాలాయనతో పోట్లాట.

ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు. రిజిస్టరు చెల్లదన్నాడు. నిర్ణయం వాయిదా. వేరే ఏజెన్సీతో మూడు నెలలు కొత్తగా నీళ్ళు పరీక్ష చేయించి, అప్పుడు చూద్దామన్నాడు.

"మాకు అభ్యంతరం లేదు సార్," అన్నాడు మేనేజరు. "పాత లెక్కలన్నీ పక్కన పెట్టేద్దాం. నది ఈరోజు ఎలా ఉందో, అదే మొదలు అనుకుందాం. ఇకమీద పాడైతే మమ్మల్ని అడగండి."

సీసాలాయనకు ఆ మాటలో ఉన్న లోతు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మళ్ళీ లేచాడు. "మొదటి పద్దెనిమిదేళ్ళవి నిజం నీళ్ళేనండి. రేవులో దిగి పట్టినవే. బుడ్డిలో గోధుమరంగు దిగిన నీళ్ళు. నది అలా ఉండేదని చెప్పడానికి అవి తప్ప ఇంకేం లేవు. వాటిని తీసెయ్యకండి."

"ఏవి నిజమో ఏవి కావో మీరు చెబితే మేం నమ్మాలా?" అన్నాడు ఆఫీసరు. కోపంగా కూడా అనలేదు.

ఆయన కూర్చున్నాడు. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. అక్క వెళ్ళిపోయింది. టోపీ, నీళ్ళ సీసా కుర్చీలోనే ఉన్నాయి.

ఇరవై రోజులు ఆమె గడప తొక్కలేదు. ఆయన రెండుసార్లు వెళ్ళాడు. మడుల్లో పని చేసుకుంటూ ఆమె తల ఎత్తలేదు. తిడితే బాగుండునని ఆయన గట్టు మీద గంటసేపు నిలబడ్డాడు. ఆమె తిట్లన్నీ విత్తనాలాయన మీదే ఖర్చయిపోయినట్టున్నాయి. రెండోసారి వెళ్ళినప్పుడు ఒక్క మాట అంది. "నేను నవ్వుతాననుకున్నావా? నాతో చెబితే ఒకరోజు నవ్వి ఊరుకునేదాన్ని కదరా." మళ్ళీ కలుపు తీతలో పడింది.

ఏజెన్సీ వాళ్ళు నీళ్ళు పట్టే రోజు, మూడో పాయింటు సరిగ్గా ఎక్కడో చూపించమని సీసాలాయనకు కబురు చేశారు. చూపించగల మనిషి ఇంకెవరూ లేరు. చేతులకు తొడుగులు వేసుకున్న ఒక అమ్మాయి, వెనక ఐసుపెట్టెతో డ్రైవరు వచ్చారు. ఆయన ఖాకీ ప్యాంటు వేసుకుని వెళ్ళాడు. రేవు పైమెట్టు మీద అక్క కూర్చుని ఉంది.

"ఎవరు చెప్పారక్కా నీకు?"

"నీ పెళ్ళాం."

కింద మెట్లు ఖాళీగా ఉన్నాయి. ఉతికే బండలు అలాగే ఉన్నాయి గాని వాటి మీద రంగులు పొరలు పొరలుగా పేరుకున్నాయి. బట్టలు ఉతకడానికి వస్తే బట్టలు పాడవుతున్నాయని ఆడవాళ్ళు ఎనిమిదేళ్ళ కిందటే రావడం మానేశారట. ఆ సంగతి ఆయనకు ఆ రోజే తెలిసింది. ఎవరి నవ్వుకు భయపడి ఆయన వంతెన ఎక్కాడో, ఆ నవ్వు రేవులో లేకుండా పోయి ఎనిమిదేళ్ళయింది. వంతెన దిగి ఒక్కసారి వచ్చి చూసినా తెలిసేది.

"చూపిస్తే చాలు అంకుల్, నేను దిగుతాను," అంది అమ్మాయి.

"నీళ్ళు నేనే పడతానమ్మా. బుడ్డి ఇవ్వు."

మొదటి మెట్టు, రెండో మెట్టు. మూడో మెట్టు మీద పాచి ఉంది. ఆయన ఆగి, తన ప్రమేయం లేకుండానే చుట్టూ చూశాడు.

"నవ్వడానికి ఎవరూ లేరులే," అంది అక్క పైనుంచి. "పడితే నేను నవ్వుతాను. దిగు."

దిగాడు. నీళ్ళు మోకాళ్ళదాకా వచ్చాయి, గోరువెచ్చగా, జిగటగా. బుడ్డిని మూడుసార్లు కడిగి, నది వచ్చే వైపు తిప్పి, మోచేతి లోతుకు ముంచాడు. అరవై ఒకటో ఏట కూడా చెయ్యి మర్చిపోలేదు. బుడగ లేకుండా మూత బిగించాడు. పైకి వచ్చాక అమ్మాయి చుక్కలు వేసింది. ఊపి, బుడ్డిని మెట్టు మీద పెట్టింది. ముగ్గురూ చూశారు. అక్క మోకాళ్ళ మీద వంగి, చెంపకు చెయ్యి ఆనించుకుని చూసింది. రంగునీళ్ళ అడుగుకు తెల్లటి మడ్డి నెమ్మదిగా దిగింది. ఇంకాసేపు చూశారు. తెల్లగానే ఉంది.

"ఊపిరి లేదు," అంది అక్క.

"లేదక్కా."

అమ్మాయి ఫోన్లో ఏదో రాసుకుంది. ఆ తేదీ పక్కన పడిన అంకెనుంచే ఇకమీద నది వయసు లెక్కపెడతారు.

అక్క లేచి చీర దులుపుకుంది. "పద. విత్తనాలాయన ఇంటికి వెళ్దాం."

"ఆయన కొట్టు మూసేశాడు కదక్కా."

"ఇల్లు నాకు తెలుసు. పదేళ్ళు ఆయన్ని నలుగురిలో నిలబెట్టాను. నేను చెబితే సరిపోదు. నువ్వే చెప్పాలి, మొత్తం, ప్యాంటుతో సహా."

ఆయన కిందికి చూసుకున్నాడు. ఆ రోజు మిల్లులో వేస్తున్నది ఎరుపు. ఖాకీ ప్యాంటు మోకాళ్ళదాకా కుంకుమనీళ్ళలో ముంచినట్టు అయింది. విత్తనాలాయన ఇల్లు బజారుకు అవతలి కొసన ఉంది.

"ఇంటికెళ్ళి ప్యాంటు మార్చుకుని వస్తానక్కా."

"అక్కర్లేదు," అంది అక్క. "అలాగే రా."

ఆమె ముందు నడిచింది. ఆయన వెనక, అడ్డం పెట్టుకోవడానికి ఐసుపెట్టె కూడా లేకుండా, బజారు మధ్యలోంచి నడిచాడు.